ఫ్యాను కింద ఆరిన స్లైడు

రూతును మంఖాల్ చర్చి వెనక పూడ్చిన రోజు, ప్రార్థన ముగిశాక సునీత అనే ఆమె లేచి రెండు మాటలు మాట్లాడింది. నలభై ఏళ్ల మనిషి. రూతు దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు తుక్కుగూడలో ఒక ల్యాబు నడుపుతోంది, సర్టిఫికెట్ కోర్సు విద్యార్థులకు పాఠాలు కూడా చెబుతోంది. రూతు మేడం ప్రతి ఏడాదీ కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు పుస్తకం తెరిచేది కాదనీ, తను చేసిన తప్పొకటి చెప్పేదనీ అంది. శిక్షణలో ఉన్నప్పుడు ఫ్యాను ఆపకుండా స్లైడు చదివిందట. అది ఆరిపోయిందట. ‘ఓ’ గ్రూపు రక్తాన్ని ఏబీ అని రాసిందట. ఆ తప్పుకే రోగి బంధువులు కొడితే కన్ను పోయిందట. మీరు అలా చెయ్యొద్దు అని ముగించేదట. తప్పు దాచుకోని మనిషి అని పాస్టరుగారు కూడా అన్నారు. అందరూ తలలూపారు. నేను మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ స్లైడు చదివింది రూతు కాదు, నేను.

అక్కడ లేచి చెప్పలేదు. మట్టి వేసేదాకా ఉండి, రూతు కూతురి చేతులు పట్టుకుని, బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎన్ని వంతెనలో. తలమీద నుంచి విమానం దిగుతుంటే ఆటో డ్రైవరు మాట ఆపి, శబ్దం పోయాక మళ్లీ అందుకుంటాడు. మేం చదువుకున్న రోజుల్లో అక్కడ జొన్న చేలు, సీతాఫలం పొదలు, రాళ్లు. విమానాశ్రయం వస్తుందన్న మాట అప్పుడప్పుడే పుట్టింది. ఆ మాటతోనే హద్దు రాళ్లు జరగడం, తలలు పగలడం మొదలైంది.

మా నాన్న కరెంటు ఆఫీసులో గుమాస్తా. తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చి శంషాబాద్‌లో బస్టాండు వెనక ఒక అద్దె ఇంట్లో దిగాం. అమ్మ తెల్లవారుజామునే లేచి డికాక్షన్ వేసేది. కాఫీ నోరు కాలేంత వేడిగా ఉండాలి నాన్నకు. లేకపోతే గ్లాసు గోడకు తగిలేది. ఒక్కోసారి గోడకు కాకుండా అమ్మకు తగిలేది. నాయనమ్మ వెళ్లి గ్లాసు ఏరుకొచ్చి, కడిగి, మళ్లీ స్టాండులో బోర్లించేది. మా ఇంట్లో సొట్ట లేని స్టీలు గ్లాసులు చుట్టాల కోసం దాచినవి నాలుగే. నాకు డాక్టరు సీటు రాదని తేలిన రోజు నాన్న వరండాలో, పక్క వాటాల వాళ్లు చూస్తుండగా, బెల్టు తీశాడు. వారం తర్వాత ఆయనే ఒక దరఖాస్తు ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. ల్యాబ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ కోర్సు, ఒక ఏడాది. ఊళ్లో చుట్టాలకు రాసిన ఉత్తరంలో మాత్రం అమ్మాయిని మెడికల్ లైనులో వేశానని రాశాడు.

బెంగుళూరు రోడ్డు మీద రెండంతస్తుల నర్సింగ్ హోం అది. కింద రోగులు, పైన రేకుల గదిలో మేం పద్నాలుగు మందిమి. పొద్దున పాఠం, పదకొండు నుంచి కింద ల్యాబులో పని. ఫినాయిలు, స్పిరిటు, వాటి కింద నుంచి వచ్చే పచ్చి నెత్తురు వాసన. ఆ వాసన జడలో ఉండిపోయేది. సాయంత్రం ఇంటికి వెళితే నాయనమ్మ నన్ను నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. పెరట్లో కుళాయి కింద తలస్నానం, బట్టలకు వేరే బకెట్టు. అయినా వంటింటి గుమ్మంలో ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి, ఇవాళ ఎవరి నెత్తురే అని అడిగేది. లారీ కింద పడ్డవాడిదని ఒక్క ముక్క చెబితే ఒప్పుకునేది కాదు. ఏ లారీ, ఎక్కడ నలిగింది, బతికాడా, పెళ్లయిందా, అన్నీ చెప్పాలి. విని, నిట్టూర్చి, అన్నం పెట్టేది.

చెప్పడానికి కొదవ ఉండేది కాదు. రోడ్డు రోజుకొకరిని పంపేది. ఆదివారాలు, పండగ మర్నాళ్లు కల్లు దుకాణాల నుంచి వచ్చేవాళ్లు వేరు. సీసా పెంకులు దిగిన వీపులు, కొడవలి తగిలిన చేతులు, మొగుడు కొట్టాడని చెప్పకుండా మెట్ల మీద పడ్డానని చెప్పే ఆడవాళ్లు. మెట్లు లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా అదే చెప్పేవాళ్లు. అమ్మ ఎదుట నేనెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

మాకు పని నేర్పింది ఖాదర్ సార్. సైనిక ఆస్పత్రిలో చేసి రిటైరైన మనిషి. తెల్లగా ఇస్త్రీ చేసిన కోటు, జేబులో యాలకులు. ఆయన రెండు విషయాలు పదేపదే చెప్పేవారు. ఒకటి, గ్రూపు చూసేటప్పుడు గాజు స్లైడు మీద మూడు రక్తపు చుక్కల్లో ఏ, బీ, పాజిటివ్ చూసే మందులు కలిపాక, ఏది గడ్డ కట్టిందో రెండు నిమిషాల్లో చదవాలి, ఫ్యాను ఆపి చదవాలి. ఆలస్యమైతే చుక్క అంచుల్లో ఆరి రవ్వలా కనిపిస్తుంది. రక్తం గడ్డలు కట్టిందని మోసపోతాం. రెండోది, స్లైడు ఏం చెప్పినా సరే, రోగి రక్తాన్ని గొట్టంలో పేరనిచ్చి, పైన తేలిన పసుపు నీటిని ఇచ్చేవాళ్ల రక్తంతో కలిపి చూశాకే సీసా దాటించాలి. అంతా కలిపి అరగంట. కరెంటు పోతే, చలి ఎక్కువుంటే, త్వరగా పేరాలంటే, గొట్టాన్ని చంకలో పెట్టుకుని నిలబడమనేవారు. దేవుడు మనిషికి వేడి ఇచ్చింది అందుకే బేటీ అని నవ్వేవారు. అది నిజంగా చేసి చూపించేవారు కూడా. కోటు విప్పి, చంకలో గొట్టం పెట్టుకుని, రెండో చేత్తో రిజిస్టరు రాసుకునేవారు.

రూతు మంఖాల్ పిల్ల. వాళ్ల బాపు క్వారీలో రాయి కొట్టేవాడు, కుడిచేతికి రెండు వేళ్లు లేవు. శంషాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. శనివారం సాయంత్రం ఊరికి వెళితే జొన్న రొట్టెలు మూట కట్టుకుని వచ్చేది, నాకూ రెండు పెట్టేది. ఒకరి రక్తం ఒకరం తీసి నేర్చుకునేవాళ్లం కాబట్టి నా చేతులు అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు. ఒకరోజు రబ్బరు గొట్టం కట్టబోతూ నా మోచేతి పైన బెల్టు వాత చూసింది. గొట్టం విప్పి, రెండో చేతికి కట్టింది. సూది తీశాక, "మీ ఇంట్ల మాట్లాడాల్నంటే గూడ చిట్టీ రాసిచ్చి అడగాల్నా ఏంది?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

మా నర్సింగ్ హోంలో రక్తం నిల్వ ఉండేది కాదు. మా పద్నాలుగు మంది గ్రూపులు ల్యాబు గోడ మీద రాసి ఉండేవి. అవసరం పడితే బంధువులు, వాళ్లు కుదరకపోతే మేం. రూతుది బీ, నాది ఏ.

ఆ ఆదివారం ఎండ మండిపోతోంది. ఖాదర్ సార్ ఇంట్లోవాళ్లను తీసుకుని పహాడీ షరీఫ్ దర్గాకు వెళ్లారు. డ్యూటీలో మేమిద్దరమే. మధ్యాహ్నం రెండు దాటాక ట్రాక్టరు మీద యాదయ్య అనే మనిషిని తెచ్చారు. దాయాదులతో పొలం గట్టు తగాదా. తొడ మీద గొడ్డలి పడింది. ట్రాలీలో పరిచిన గోనెసంచులు పిండితే కారేలా ఉన్నాయి. వెంట పదిహేను మంది మగవాళ్లు, చేతుల్లో కర్రలు ఇంకా అలాగే ఉన్నాయి. అందరికంటే ముందు అతని అన్న నర్సింలు. అతని చొక్కా అంతా తమ్ముడి నెత్తురే. డాక్టరుగారు తొడ మీద మోకాలు వేసి అదిమి, రక్తం కావాలి, వెంటనే అని అరిచి థియేటరులోకి తీసుకుపోయారు.

నేను యాదయ్య నుంచి రెండు గొట్టాల రక్తం తీశాను. స్లైడు మీద మూడు చుక్కలు వేసి మందులు కలిపాను. అప్పుడే తలుపు మీద కర్రలతో బాదడం మొదలైంది. వెళ్లి గడియ పెట్టాను. బయట నుంచి తన్నారు, పైన మేకు ఊడింది. నేను వీపు ఆనించి నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. పది నిమిషాలు ఉంటుంది. రూతు అవతల థియేటరు నుంచి వచ్చి వాళ్లను తిట్టి పక్కకు జరిపాక నేను బల్ల దగ్గరికి వచ్చాను. ఫ్యాను పైన పూర్తి వేగంతో తిరుగుతోంది. మూడు చుక్కలూ రవ్వరవ్వగా ఉన్నాయి. ఏబీ పాజిటివ్ అని రిజిస్టరులో రాశాను. ఏబీ అంటే ఎవరి రక్తమైనా సరిపోతుంది. దేవుడు కరుణించాడనుకున్నాను. అది నాకు గుర్తుంది.

బయటివాళ్ల గ్రూపులు చూసే వ్యవధి లేదని రూతే బల్ల మీద పడుకుని చెయ్యి చాపింది. నేనే తీశాను. సీసా నిండాక, దూది అదుముకుంటూ లేచి, సీసాను నా చేతికివ్వకుండా ఫ్రిజ్‌లో పెట్టింది. యాదయ్య రెండో గొట్టం తీసుకుని జాకెట్టు లోపల చంకలో పెట్టుకుని, ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. కలిపి చూడకుండా ఇవ్వనంది. అప్పటికి తలుపు ఊడింది. గది నిండా మనుషులు.

నేను అన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. "ఇచ్చెయ్ రూతూ, ఏబీ కదా, ఎవరిదైనా పనికొస్తుంది" అన్నాను. వాళ్లందరి ముందు అన్నాను.

నర్సింలు నా వైపు ఒకసారి, రూతు వైపు ఒకసారి చూశాడు. "గా పిల్ల ఇయ్యమంటుంది. నువ్వెందుకు ఇస్తలేవ్? మా తమ్ముడు సచ్చినంక ఇస్తవా?"

"జర ఆగన్నా. గడియారం సూస్కో, పావుగంట" అంది రూతు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. ఆమె కదల్లేదు. ఇంకొకడు జడ పట్టుకుని లాగాడు. తల వెనక్కి పోయింది కాని వీపు తలుపును వదల్లేదు. ఎవరో స్టూలు ఎత్తి బల్ల మీద కొట్టారు. గొట్టాల స్టాండు, మందు సీసాలు, స్పిరిటు దీపం అన్నీ నేలమీద పెంకులు. నా స్లైడు కూడా. కర్ర భుజం మీద పడినప్పుడు ఆమె ఒక పక్కకి ఒరిగింది, కాని గొట్టం ఉన్న చెయ్యి శరీరానికి బిగించుకునే ఉంది. చంటిపిల్లను పట్టుకున్నట్టు అనిపించింది చూసేవాళ్లకు. ఆమె మాత్రం పెదవులు కదిలిస్తూ నిమిషాలు లెక్కపెడుతోంది. నేను గోడకు అంటుకుపోయి ఉన్నాను. నాన్న చెయ్యెత్తినప్పుడు ఇంట్లో నేను ఎలా నిలబడేదాన్నో అలాగే, ఊపిరి చిన్నగా తీసుకుంటూ. నర్సింలు ఆమె మెడ పట్టి తోశాడు. ఆమె ముఖం ఫ్రిజ్ పక్కన గోడకున్న సీసాల స్టాండు అంచుకు తగిలింది. అక్కడ పగిలిన సీసా ఒకటి వేలాడుతోంది. దాని పెంకు ఎడమ కంట్లోకి పోయింది.

ఆమె ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేత్తో చంకలోంచి గొట్టం తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. గడ్డ కట్టింది. పైన పసుపు నీరు తేలింది. వేళ్ల మధ్య నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతుంటే, ఆ నీరు రెండు చుక్కలు, తన రక్తం ఒక చుక్క కొత్త స్లైడు మీద వేసి కలిపింది. ముందు నాతో ఫ్యాను బంద్ చెయ్యమంది. ఆపాను.  చూస్తుండగానే చుక్క విరిగిపోయింది, పాలు విరిగినట్టు. ఎర్రటి ముద్దలు, మధ్యలో నీళ్లు. దానికి చదువు అక్కర్లేదు. నర్సింలుకు కూడా అర్థమైంది.

"చూడు" అంది అతనితో. "నా నెత్తురు ఎక్కిస్తే మీ తమ్మునికి లోపల గిట్ల అయితది. చస్తడు."

ఫ్రిజ్‌లో ఉన్న ఇంకో జత మందు సీసాలతో మళ్లీ చూస్తే యాదయ్యది ఓ. వచ్చినవాళ్లలో నలుగురిని చూశాం, నేను చుక్కలు వేస్తుంటే ఆమె గోడకు ఆనుకుని కూర్చుని రెండో కంటితో చదివింది. నర్సింలుది ఓ, కలిపి చూస్తే సరిపోయింది. ఆమెను కొట్టిన చేతినుంచే రక్తం తీశాను. సూది గుచ్చుతుంటే అతను ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు. యాదయ్య బతికాడు.

రూతును నగరంలో కంటి దవాఖానకు తీసుకుపోయారు. కన్ను దక్కలేదు. నాలుగో రోజు నేను వెళ్లాను. మర్నాడు యాజమాన్యం విచారణ పెడుతోందనీ, తప్పు చదివినవాళ్లను కోర్సు నుంచి తీసేస్తారనీ ఆమెకు అప్పటికే తెలుసు. స్లైడు పగిలిపోయింది. మిగిలింది రిజిస్టరులో రెండక్షరాలు, కింద సంతకం లేదు. నేనే రాశానని చెప్పేస్తానన్నాను. చెప్పాలనే వెళ్లాను, కాని ఆమె వద్దంటే బాగుండునని కూడా లోపల ఉంది.

"నేనే రాసిన అని చెప్త" అంది రూతు. "నన్ను తీస్తే మా బాపు పోలీస్ స్టేషన్‌కు పోతడని వాళ్లకు భయం. ఆడపిల్ల కన్ను పోయింది వాళ్ల దవాఖానల. నన్ను తియ్యరు. నిన్నయితే రేపే ఎల్లగొడ్తరు."

"నీకు చెడ్డపేరు వస్తుంది."

"కన్ను పోయింది పద్మా. పేరు ఎంత?" అని, "మీ నాయినకు తెలిస్తే నిన్ను పానంతోని ఉంచుతడా?" అంది.

ఇందులో త్యాగం లాంటి మాట ఏదీ లేదు. ఆమె లెక్క వేసింది, ఆ లెక్క సరిపోయింది. విచారణలో ఆమె చెప్పింది, నేను నోరు తెరవలేదు. ఖాదర్ సార్ నా చేతిరాత ఎరిగిన మనిషి. రిజిస్టరు చూసి, మూసి, నా వైపు చూడకుండా బయటికి వెళ్లారు. ఆ తర్వాత ఆయన నన్ను బేటీ అని పిలవలేదు.

పరీక్షలకు బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి రూతును చూసి, ఒంటి కన్నుతో ల్యాబు పని ఎలా చేస్తావని అడిగాడు. ప్రాక్టికల్ రాయనివ్వడానికి సందేహించాడు. "సార్, మీ మైక్రోస్కోప్‌కు గూడ ఒక్కటే గొట్టం ఉన్నది గద. రెండో కన్ను అందరు మూసుకునేదే" అంది. అప్పటివి ఒంటి గొట్టం మైక్రోస్కోపులే. ఆయన నవ్వి కూర్చోమన్నాడు. ఇద్దరం పాసయ్యాం. నాకు ఫస్టు క్లాసు.

నేను ఆ సర్టిఫికెట్టుతో ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. డిగ్రీ చదివి, ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను. రూతు పాతికేళ్లకు పైగా ల్యాబుల్లోనే ఉంది. మొదటి ఉద్యోగంలో రెండేళ్లపాటు ఆమె చదివిన ప్రతి గ్రూపునూ ఇంకొకరితో మళ్లీ చూపించేవారు, ‘ఓ’ గ్రూపు మనిషిని ఏబీ అని రాసిన పిల్ల అని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆమె ఇంటికి వెళ్లేదాన్ని, రొట్టెలు తినేదాన్ని, ఆమె పెళ్లికి వెళ్లాను, కూతురు పుడితే ఎత్తుకున్నాను. మేం ఆ ఆదివారం గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు యంత్రం గ్రూపును అచ్చు వేసి ఇస్తుంది. ల్యాబు తలుపుకు అద్దం, బయట కాపలా మనిషి, ఆస్పత్రి మీద దాడి చేస్తే జైలు అని బోర్డు. మా నాన్న పోయి చాలా ఏళ్లయింది, అమ్మ చివరి రోజుల్లో కాఫీ చల్లారబెట్టుకుని తాగేది. అప్పటికంటే ఇప్పుడు మేలే అనుకుంటాను. కాని అప్పుడు మా రేకుల గదిలో నేర్పింది ఒక్కటే, మన తప్పును ఇంకొకరు పట్టుకోగలిగేలా పని చెయ్యాలని. రూతు అది నేర్చుకుంది. నేను పరీక్ష రాశాను.

పూడ్చిన వారానికి తుక్కుగూడ వెళ్లి సునీతతో చెప్పాను. ల్యాబు వెనక గదిలో, నిలబడే చెప్పాను. ఆమె చేతిలో గ్లౌజులు మడత పెడుతూ విన్నది. 

"అంటే మేడం తప్పు చేసి దెబ్బలు తినలే" అంది. "తప్పు ఆపి తిన్నది. గింతమందికి ఉల్టా చెప్పింది. ఆమె బిడ్డ గూడ గదే అనుకుంటది."

అవునన్నాను. క్షమించమని ఆమెను అడగడం సరికాదనిపించింది. ఆమెకు కోపం వచ్చింది, అది దాచుకోవాలని కూడా చూడలేదు. ఇన్నేండ్లు ఎట్ల ఊకున్నరు మేడం అని ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా, సోమవారం కొత్త బ్యాచ్ వస్తుందని చెప్పింది. "మొదటి రోజు గా ముచ్చట చెప్పకుంటే నాకు పాఠం మొదలు కాదు. ఇగ నేను చెప్పలేను. మీరే వచ్చి చెప్పుండ్రి."

రూతు కూతురికి ఆ సోమవారానికి ముందు రోజు సాయంత్రమే వెళ్లి చెప్పాను. ఆ గంట గురించి ఇక్కడ రాయను, అది ఆ పిల్లది. సోమవారం పదింటికి తుక్కుగూడలో పదకొండు మంది కూర్చుని ఉన్నారు, ఎక్కువమంది ఆడపిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు. సునీత నన్ను పరిచయం చెయ్యలేదు. వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ముందు వరసలో అమ్మాయి కొత్త నోటుబుక్కు తెరిచి, "రాసుకోవాల్నా మేడం?" అని అడిగింది.

రాసుకోమని, మొదట నా పేరు చెప్పాను.